కాలువలో రెండో గడ

సర్ఫింగ్ నేర్పేవాళ్లు ఇచ్చిన కాగితంలో ఏడో ప్రశ్న ఇది: నీళ్లలో మీకు ఇంతకుముందు ఏదైనా ప్రమాదం జరిగిందా, జరిగితే కారణం ఏమిటి. మా అక్క సుగుణ కళ్లజోడు సవరించుకుని, జీవితమంతా ఆసుపత్రిలో కేసు షీట్లు నింపిన చేత్తో, గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల్లో, "అవును. పదిహేడో ఏట కాలువలో మునిగాను. కారణం: మా నాన్న నిర్లక్ష్యం" అని రాసింది. కింద సంతకం పెట్టి కాగితం నా వైపు తోసింది. "ఏదన్నా అయితే ఎవరికి చెప్పాలి అన్నచోట నీ పేరు రాశాను. ఫోన్ నంబరు నువ్వే వెయ్యి" అంది. వేశాను. ఒక అంకె తప్పు వేసి కొట్టేసి మళ్లీ రాయడం చూసి, "నువ్వెందుకే భయపడతావు, దిగేది నేను కదా" అని నవ్వింది. అక్క రాసిన ఆ కారణం నిజం కాదని తెలిసిన మనుషులం ఇద్దరమే. ఒకరు నాన్న, ఆయన పోయి చాలా ఏళ్లయింది. రెండోదాన్ని నేను. మర్నాడు పొద్దున ఏడింటికి అక్క సముద్రంలో దిగాలి. ఈలోపల చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని నాకు తెలిసిపోయింది.

ఆ హోటలు కేరళలో, వర్కల అనే ఊళ్లో, సముద్రం పక్కన నిట్టనిలువుగా లేచిన ఎర్రమట్టి కొండ అంచున ఉంది. మాలాంటి కృష్ణా డెల్టా వాళ్లకి సముద్రమంటే బందరు అవతల చవిటి నేలలూ సరుగుడు తోటలూ దాటాక, నేల ఎక్కడ అయిపోయిందో నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియకుండా బల్లపరుపుగా వచ్చేది. ఇక్కడ నేల ఒక్కసారిగా తెగిపోయింది. గది ముందు వరండా, వరండా ముందు నడిచే బాట, బాట పక్కన ఇనుప కమ్మీలు, ఆ తర్వాత ఏమీ లేదు. తొంగి చూస్తే ఎక్కడో అడుగున అలలు, సర్ఫింగ్ పలకలు పట్టుకుని వాటి మీద తేలుతున్న మనుషులు బొటనవేలంత కనబడేవారు. నేను ఆ కమ్మీలకు నాలుగడుగుల దూరంలోనే కుర్చీ వేసుకున్నాను. అక్క మాత్రం వాటి మీద మోచేతులు ఆనించి, ఏ అల ఎవరిని లేపుతోందో, ఎవరిని పడేస్తోందో గంటల తరబడి చూసింది. తడి తువ్వాళ్లు, పలకలకి రాసే మైనం, వేయించిన చేపలు, అన్నీ కలిసిన వాసనొకటి గాలితోపాటు కొండ పైకి ఎక్కి వచ్చేది.

ఈ ప్రయాణం పూర్తిగా అక్క పట్టుదల. ఫోన్లో ఎవరో తల నెరిసిన ఆవిడ పలక మీద బోర్లా పడుకుని అలతోపాటు ఒడ్డుకి జారి రావడం చూసింది. చూసి, గవర్నర్‌పేటలో మా ఇంటికి ఆటో కట్టించుకుని వచ్చి, "రూతూ, నేను పోయేలోపల ఒక్కసారి ఇలా నీళ్లలోకి వెళ్లి రావాలి. నువ్వు నాతో రా" అంది. మోకాళ్లు అరిగాయి, మెట్లు తగ్గించమని డాక్టరు చెప్పిన మనిషి! పైగా ఏభై ఏళ్లుగా నీళ్లంటే ఆమడ దూరం. కృష్ణ బ్యారేజీ దాటాల్సి వస్తే బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. తలంటుకునేటప్పుడు కూడా చెంబుతో కొంచెం కొంచెంగా పోసుకునేది, మొహం మీద నీళ్లు ధారగా పడితే కేక పెట్టేది. అలాంటి మనిషి తనంతట తాను సముద్రంలో దిగుతానంటే కాదనే హక్కు అందరిలోకీ నాకే తక్కువ. గన్నవరంలో విమానం ఎక్కేదాకా, ఎక్కాక కూడా, అక్కకి బుద్ధి మారాలని ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

నేర్పే ఆవిడ పేరు షీజ. నలభై ఏళ్లుంటాయి. గట్టి మనిషి, మెడలో ఎప్పుడూ ఒక ఈల. రెండు రోజులు పైనుంచి అలల్ని చూడమని, మూడో రోజు దింపుతానని చెప్పింది. రెండో రోజు సాయంత్రం మా అక్క నింపిన కాగితం చదివి తలెత్తి, "మీ నాన్నగారు మీతోపాటు నీళ్లలో ఉన్నారా?" అని ఇంగ్లీషులో అడిగింది. "లేరు. లోతు చూసి గుర్తు పెట్టాల్సింది ఆయనే. సరిగ్గా పెట్టలేదు" అంది అక్క, ఒక రోగి గురించి ఇంకో నర్సుకి చెప్పినట్టు, చాలా మామూలుగా. షీజ తల ఊపి, "నేను లోతు చూస్తాను, కంగారు పడకండి" అంది. నేను పక్కనే నిలబడి సముద్రం వైపు చూస్తున్నట్టు నటించాను. ఆ నటన నాకు బాగా అలవాటైన విద్య.

నాన్న పేరు దేవదానం. ఉయ్యూరు దాటాక బందరు కాలువ మీద ఒక చిన్న లాకుల దగ్గర లస్కరుగా చేసేవాడు. లస్కరంటే కాలువ తలుపులు ఎత్తి దించే మనిషి, నీటి మట్టం చూసి రాసుకునే మనిషి. మాకు లాకుల పక్కనే రెండు గదుల క్వార్టరు ఉండేది. పొద్దున లేవగానే నాన్న రేవు మెట్లలో ఆఖరి మెట్టు మీద నిలబడి నీళ్లలో కాళ్లు పెట్టేవాడు. పిక్కల మీద నీళ్లు ఎక్కడికొచ్చాయో చూసుకుని, "ఇవాళ నాలుగు వేళ్ల మందం పెరిగింది" అని పైకే అని, ఆ తర్వాత వెళ్లి కొలబద్ద చూసేవాడు. తేడా ఉండేది కాదు. ఆయన ఖాకీ చొక్కా ఎన్నిసార్లు ఉతికినా బురదా కిరసనాయిలూ కలిసిన వాసన వేసేది. ఇప్పటికీ ఏ పాత ఇనుప సామాను కొట్టు ముందు నడిచినా ఆ వాసన వచ్చి నా కాళ్లు ఆగిపోతాయి. అమ్మ నాకు ఊహ తెలియకముందే జ్వరంతో పోయింది. మా ఇద్దరికీ జడలు వేసింది నాన్నే. కాలువ తలుపు గొలుసు బిగించిన చేతులు కదా, కళ్లు పక్కలకి లాక్కుపోయేలా వేసేవాడు. నానమ్మ ఊకపొయ్యి దగ్గర కూర్చుని అన్నం వార్చి ప్రార్థన మొదలుపెట్టేది. ఊళ్లో ఉన్న రోగులందరినీ పేరు పేరునా దేవుడికి అప్పజెప్పి కళ్లు తెరిచేసరికి కూర అడుగంటేది. మేం అడుగంటిన కూరనే కూర వాసన అనుకుని పెరిగాం.

మా సంఘంలో బాప్తిస్మం అంటే పారే నీళ్లలో మనిషిని నిలువునా ముంచి లేపడమే. నెత్తి మీద నాలుగు చుక్కలు చల్లితే అది బాప్తిస్మం కాదని మావాళ్లు ఎవరితోనైనా వాదనకి దిగేవారు. మా రేవులోనే ఇచ్చేవారు కాబట్టి నీళ్ల పని నాన్నది. ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు ఇటుకబట్టీల వాళ్లు అడుగున మట్టి తవ్వుకుపోయేవారు. మళ్లీ నీళ్లొదిలాక ఎక్కడ గట్టి నేలో ఎక్కడ గుంటో పైకి తెలిసేది కాదు. అందుకని ఆ రోజు పొద్దున్నే నాన్న వెదురు గడతో అడుగు తడుముకుంటూ నడిచి, గట్టి నేల ఉన్నంత మేరకి ఎగువన ఒక గడ, దిగువన ఒక గడ దిగేసి వచ్చేవాడు. ఆ రెంటి మధ్యనే అయ్యగారు నిలబడాలి. పాస్టరుగారిని మేం అయ్యగారనే అనేవాళ్లం. నాన్న ఏ కూటంలోనూ ముందుకొచ్చి మాట్లాడిన మనిషి కాదు, పాట కూడా పెదాల్లోనే పాడేవాడు. సంఘంలో ఆయనకున్న గౌరవమంతా ఆ రెండు గడల మీదే నిలబడింది.

అక్కకి పదిహేడేళ్లు, నాకు పద్నాలుగు. క్రిస్మస్‌కి ముందు ఆదివారం, అక్క బాప్తిస్మం. తెల్లవారుతుండగా నాన్న గడలు దిగేస్తుంటే మెట్టు మీద లాంతరు పట్టుకుని నిలబడ్డాను నేనే. దిగువ గడని రెండు చేతులతో ఊపి చూసి, "ఇది దాటితే నిలువు లోతమ్మా. ఎవరన్నా ఇటు రాబోతే కేకెయ్యి" అన్నాడు నాన్న. కాబట్టి నాకు తెలియదని చెప్పుకునే దారి లేదు. ఆ తర్వాత ఎగువ నుంచి నీళ్లు ఎక్కువ వస్తున్నాయని కబురొచ్చి, ఆయన తలుపులు ఎత్తడానికి లాకుల దగ్గరికి పరుగెత్తాడు.

ఆడవాళ్లు రేవు పక్కన తెర కడుతున్నారు. నీళ్లలోంచి లేచిన ఆడపిల్లలు తడి తెల్లచీరలు మార్చుకోవాలి కదా, దానికి రెండు దుప్పట్లు కలిపి కుట్టిన తెర. ఒక కొస తుమ్మచెట్టుకి కట్టారు. రెండో కొసకి కట్టడానికి ఏమీ లేదు. ఒకావిడ చేత్తో పట్టుకుంది గానీ గాలికి తెర ఎగిరి ఆవిడ మొహానికే చుట్టుకుంటోంది. కట్ట మీద రోడ్డు. ధాన్యం లారీలు ఆపుకుని క్లీనర్లూ, సైకిళ్లు దిగిన వాళ్లూ వినోదం చూడటానికి బారులు తీరారు. అక్క నా జబ్బ పట్టుకుని పక్కకి లాగింది. చలికి కాదు, సిగ్గుకి వణుకుతోంది. "వాళ్లంతా చూస్తుంటే తడిసిన చీరతో నేను బయటికి రాలేనే. ఆ తెర నిలబడకపోతే నేను దిగను. నాన్న పరువు పోయినా సరే దిగను" అంది. ఏడుపు గొంతుతో అంది. అక్క ఏడిస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. మగవాళ్లంతా అయ్యగారిని పాటలతో తీసుకురావడానికి వెళ్లారు. కాలువలో రెండు గడలున్నాయి. ఒకటి చాలదా అనుకున్నాను. ఎగువది అందరికీ కనబడే చోట ఉంది, దిగువది రేవుకి దగ్గర. పరికిణీ ఎత్తిపట్టుకుని దిగి, నాన్న ఊపినట్టే ఊపి, పీకేశాను. ఒడ్డున గుచ్చి రెండో కొస దానికి కట్టాక తెర బిగుతుగా నిలబడింది. అక్క నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు కోసం ఆ రోజు నేను ఇంకా పెద్ద తప్పు కూడా చేసేదాన్ని.

నాన్న రాగానే చెప్పాలనుకున్నాను. ఆయన రాకముందే పాటలొచ్చాయి. అయ్యగారు, సంఘంలో ఇంకో పెద్దాయన నీళ్లలో దిగారు. ఒక్క గడే కనబడేసరికి ఈసారి ఒకటే పెట్టాడు కాబోలు అనుకుని దాని పక్కన నిలబడ్డారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అక్కడే ఉంటే ఏ గొడవా లేదు. మొదట ఇద్దరు మగవాళ్లు. ఎగువన నాన్న తలుపులు ఎత్తినట్టున్నాడు, నీళ్ల ఊపు పెరిగింది. ఒక్కొక్కర్ని ముంచి లేపినప్పుడల్లా అయ్యగారి కాళ్లు ఒక్కో అడుగు కిందికి జరుగుతున్నాయి. మూడో మనిషి అయ్యేసరికి ఆయన నేను గడ పీకిన చోటుకి రెండు బారల దూరంలో ఉన్నారు. నాలుగోది అక్క.

నేను తెర అంచు పట్టుకుని నిలబడి ఉన్నాను. అక్క చేతులు గుండె మీద కట్టుకుని అయ్యగారి ముందు నిలబడింది. ఆయన ఇంకో అడుగు జరిగారు. కేకెయ్యమని నాన్న చెప్పిన మాట చెవిలో ఉంది. నోరు తెరిచాను కూడా. కేకేస్తే ఎందుకని అడుగుతారు, గడ ఎక్కడుందని అడుగుతారు, అందరూ ఈ తెర వైపు చూస్తారు. నోరు మూసుకున్నాను. మళ్లీ మళ్లీ తలచుకుని చూశాను, అది నేను భయంతో మూసుకున్న నోరే, తెలియక కాదు. కట్ట మీద నాన్న పరుగెత్తుకొస్తూ "ఆగండి, అయ్యగారూ, ఆగండి" అని అరుస్తున్నాడు. పాట పాడుతున్న అన్ని గొంతుల్లో ఆయనది వినబడలేదు. అయ్యగారు అక్కని వెనక్కి వాల్చారు. ముంచారు. ముంచిన మనిషి లేవలేదు. అయ్యగారి కాలు గుంటలోకి జారి, ఆయనా మునిగి, చెయ్యి వదిలేశారు. పక్కనున్న పెద్దాయన అయ్యగారి కండువా దొరకబుచ్చుకున్నాడు. అక్క చీర కుచ్చిళ్లు ఒక్కసారి పైకి తేలి, లోపలికి పోయాయి.

నాన్న ఖాకీలతోనే దూకాడు. పాట ఎక్కడికక్కడ ఆగిపోయింది. నానమ్మకి చెవుడు, ఏం జరిగిందో తెలియక ఆవిడొక్కతే ఇంకో రెండు వరుసలు పాడింది. ఆ రెండు వరుసలంత సేపు ఇంకే సమయమూ నా జీవితంలో గడవలేదు. చాలా దిగువన, గుర్రపుడెక్క తుట్టె పక్కన, అక్క జుట్టు పట్టుకుని నాన్న పైకి లేచాడు. ఒడ్డున బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కితే నీళ్లు కక్కి, దగ్గి, ఊపిరి తీసింది. ఆడవాళ్లు ఆమెని ఎత్తుకెళ్లి బట్టలు మార్చింది ఆ తెర వెనకనే.

జనం నాన్న చుట్టూ చేరారు. "గడ సరిగ్గా దిగేయలేదు దేవదానం, కొట్టుకుపోయినట్టుంది" అన్నారు ఒకరు. "పొద్దునపూట దిగేసి పోతే సరిపోద్దా, దగ్గరుండొద్దా" అన్నారు ఇంకొకరు. నాన్న తల తిప్పి తెర వైపు చూశాడు. వెదురు గడ అడుగున మూరెడు మేర తడి బంకమట్టి అంటుకుని ఉంది. తర్వాత నా వైపు చూశాడు. నీళ్లు కారుతున్న మొహంతో, గట్టిగా, అందరికీ వినబడేలా, "నాదే తప్పు" అన్నాడు. తెర వెనక నుంచి అక్క ఆ మాట విన్నది. అందరూ వెళ్లాక ఆయన గడ విప్పి, మట్టి కడిగి, క్వార్టరు వెనక పడేశాడు. ఆ తర్వాత ఎవరూ ఆయన్ని గడలు పాతమని అడగలేదు. ఆదివారాలు ఆయన ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చునేవాడు.

నేను ఏడుస్తూ అక్కకి చెప్పేస్తానంటే, లాకుల గట్టు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మీ అక్క నా మీద కోపం పెట్టుకుంటే పెట్టుకోనీ. తండ్రి మీద కోపం ఎప్పటికైనా చల్లారుద్ది. నీ మీద పెట్టుకుంటే, రేపు నేను పోయాక మీకెవరున్నారు? మీకు మీరేగా. ఈ మాట నీ నోట రానీయకు" అన్నాడు. ఆయన లెక్క సగమే నిజమైంది. మేమిద్దరం ఈ వయసుకి కూడా ఒకరినొకరు వదల్లేదు. కోపం మాత్రం చల్లారలేదు. అక్క నర్సు ట్రైనింగుకి గుంటూరు వెళ్లి, అక్కడ నీళ్లు చిలకరించే సంఘంలో చేరి, ఆ చిలకరింపు బాప్తిస్మమే తీసుకుంది. ఆ వార్త తెచ్చిన కార్డు నాన్న రెండుసార్లు చదివి, చొక్కా జేబులో పెట్టుకుని, తలుపులకి గ్రీజు రాయడానికి వెళ్లిపోయాడు. పండక్కి ఇంటికొచ్చినా అక్క ఆయనతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడేది కాదు. చివరిరోజుల్లో ఆయన మంచం పట్టి, "సుగుణొస్తుందా?" అని అడిగితే నేనే ఉత్తరం రాశాను. నాన్నకి బాగాలేదు, నిన్ను అడుగుతున్నాడు, రా. అంతే రాశాను. సెలవు దొరకలేదని జవాబొచ్చింది. సమాధికి కూడా రాలేదు.

మూడో రోజు పొద్దున ఆరింటికి, హోటలు వరండాలో అక్క షీజ ఇచ్చిన నల్లటి బిగుతు బట్టలు వేసుకుని, పైన తన కాటన్ చీరని శాలువలా కప్పుకుని టీ తాగుతోంది. అలలు ముందురోజు కంటే పెద్దగా విరుగుతున్నాయి. నేను ఎదురుగా కూర్చుని, ముందూ వెనకా ఏమీ చెప్పకుండా, "ఆ గడ పీకింది నేనే అక్కా" అన్నాను.

"ఏ గడ?"

"కాలువలో. దిగువది. నీకు తెర కట్టడానికి."

అక్క టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. నర్సు కదా, ఏడవకుండా వరసగా అడిగింది. ఎప్పుడు తీశావు. అది దేనికో నీకు తెలుసా. ఎవరన్నా చూశారా. అన్నిటికీ చెప్పాను. నోరు తెరిచి మూసుకున్న సంగతి కూడా చెప్పాను.

"నాన్నకి తెలుసా?"

"ఆ రోజే తెలుసు. తెర కట్టిన గడ చూశాడు."

"చూసి, తనదే తప్పన్నాడు." అడిగినట్టు అనలేదు, రాసుకుంటున్నట్టు అంది.

"నన్నెవరూ మాటలనకూడదని... నువ్వు తెర లేకపోతే దిగనన్నావని నేను..."

"నా మీద పెట్టకు" అంది. గొంతు పెరగలేదు. "పదిహేడేళ్ల పిల్ల సిగ్గుపడింది. అంతే నేను చేసింది."

"నాన్న చెప్పొద్దన్నాడక్కా."

"నీకు పద్నాలుగేళ్లప్పుడు వద్దన్నాడు. ఆయన పోయేటప్పటికి నీకెన్నేళ్లే? పెళ్లై, ఇద్దరు పిల్లల తల్లివి. బళ్లో పాఠాలు చెప్పేదానివి. అప్పటికీ నాన్న మాటేనా?" అక్క టీ గ్లాసు పక్కకి జరిపింది. "నేను రానన్నప్పుడు ఏమన్నాడు?"

"డ్యూటీ పెద్దది, పాపం దానికి కుదరలేదు అన్నాడు."

"ఉత్తరంలో ఇంకొక్క ముక్క రాస్తే వచ్చేదాన్ని రూతూ" అంది. "సెలవు అడగలేదు నేను. అసలు అడగలేదు."

కొండ కింద నుంచి షీజ ఈల వేసింది. అక్క లేచింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "ఇవాళొద్దక్కా, అలలు పెద్దగా ఉన్నాయి, మనసు బాగాలేనప్పుడు దిగొద్దు" అన్నాను. చెయ్యి విడిపించుకుంది. "ఏం? ఇవాళ నువ్వేమీ పీకలేదుగా" అంది. "కిందికి రాకు. పైనే ఉండు."

మెట్లు దిగడానికే ఆమెకి పావుగంట పట్టింది. నేను మొదటిసారి కమ్మీల దగ్గరికి వెళ్లి పట్టుకున్నాను. కింద అన్నీ ఉన్నాయి. ఇసుకలో రంగు జెండాలు, కాలికీ పలకకీ కలిపి కట్టిన తాడు, ఒంటికి తేలే చొక్కా, ఈల, సంతకం పెట్టిన కాగితం. మా రేవులో వీటి బదులు ఒక మనిషి పాదాలుండేవి, ఆ పాదాల మీద ఊరంతా భరోసా పెట్టుకునేది. ఇప్పటి పద్ధతే మంచిదని నా బుద్ధికి తెలుసు. ఇప్పుడైతే గడ పోయినా ఇంకో నాలుగు చోట్ల ఆసరా ఉంటుంది, ఏ ఒక్కడి నెత్తి మీదా మొత్తం పడదు. అయినా సరే, ఆ జెండాల మధ్య ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు నడుం లోతులో నిలబడి ఉంటే బాగుండునని నా పిచ్చి మనసు వెతుక్కుంది. సంతకం చూసి సముద్రం ఊరుకుంటుందా?

మొదటి అలకి అక్క పలక మీద నుంచి పడిపోయింది. తెల్లటి నురుగు కమ్మేసింది. పలక ఒక్కటే పైకి లేచింది, దాని మీద ఎవరూ లేరు. నేను అరిచాననుకుంటాను, బాట మీద నడుస్తున్న ఒకాయన ఆగి చూశాడు. నురుగు చెదిరాక షీజ పక్కన అక్క తల కనబడింది. దగ్గుతోంది. షీజ ఒడ్డు చూపిస్తోంది, అక్క తల అడ్డంగా ఊపుతోంది. రెండో అలకి మళ్లీ పడింది. ఈసారి లేవడానికి ఎక్కువ సేపు పట్టింది. నేను కమ్మీల మీదుగా ఇంకా ముందుకి వంగాను. మూడోసారి బోర్లా పడుకుని పలక అంచులు పట్టుకుంది. అల వెనక నుంచి వచ్చింది. షీజ ఒక తోపు తోసి చెయ్యి వదిలేసింది. ఎవరి చెయ్యీ లేకుండా మా అక్క నీళ్ల మీద జారుకుంటూ ఒడ్డు దాకా వచ్చి, పలక ఇసుకలో కూరుకున్నాక కూడా అలాగే పడుకుని ఉండిపోయింది. షీజ ఆనందంతో ఎగిరి గంతేసింది. అక్క భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో అంత ఎత్తు నుంచి నాకు తెలియలేదు, ఆమె తర్వాత చెప్పలేదు.

మిగిలిన రోజున్నరా ఒకే గదిలో ఉన్నాం. మాత్ర వేసుకున్నావా, తలుపు గడియ పెట్టావా, ఛార్జరు ఎక్కడ, ఇవే మాటలు. విమానంలో నా బెల్టు బిగించలేకపోతుంటే చెయ్యి చాపి బిగించింది, మొహం మాత్రం ఇటు తిప్పలేదు. నాన్న మాట ఏభై ఏళ్లు కాపాడిన మా ఇద్దరి పొత్తు నా చేతుల్లోనే పోయిందని అనుకున్నాను. ఆయనకి న్యాయం చేశాననీ అనుకున్నాను. ఈ రెండూ ఒకదాన్నొకటి ఓదార్చలేదు.

గన్నవరంలో దిగి టాక్సీ ఎక్కాక, గవర్నర్‌పేట పోనియ్యమని నేను చెప్పబోతుంటే అక్క ముందుకి వంగింది. "కంకిపాడు మీదుగా ఉయ్యూరు పోనియ్యి బాబూ, అది దాటాక చెప్తాను" అంది డ్రైవరుతో. దారంతా కిటికీ అద్దం దించుకుని కాలువ పక్కకే చూస్తూ కూర్చుంది. లాకులు దాటి, మా ఊరి చివర సమాధుల తోట దగ్గర కారు ఆగింది. నాన్న పోయాక అక్క ఆ గేటు లోపల ఎప్పుడూ అడుగుపెట్టలేదు.

"ఎన్నో వరస?" అంది, నా వైపు చూడకుండా.

"నాలుగు. గోడ పక్కన."

"నువ్వు కారులోనే కూర్చో."

కూర్చున్నాను. అక్క గేటు తోసుకుని, మోకాళ్ల నొప్పికి ఒక్కో అడుగూ ఆచి తూచి వేస్తూ లోపలికి వెళ్లింది. మధ్యలో కొత్త సమాధులు చాలా లేచాయి, వరసలు కలిసిపోయాయి. గోడ వెంబడి నడిచి, ఒక సున్నం రాలిన సమాధి ముందు ఆగి, చెప్పులు విడిచింది. తల మీద కొంగు వేసుకుంది. అది మూడో వరస. ఆ సమాధి నాన్నది కాదు, ఎవరిదో నాకు తెలియదు. అక్షరాలు చెరిగిపోయి ఉన్నట్టున్నాయి, ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది. కూర్చోమంది కదా అని ఒక్క క్షణం కూర్చునే ఉన్నాను. తర్వాత తలుపు తీసుకుని దిగి, నాకున్న గొంతంతా పెట్టి, "అక్కా, అది కాదు! ఇంకో వరస ముందుకి!" అని కేకేశాను. డ్రైవరు ఉలిక్కిపడి చూశాడు. అక్క చెప్పులు చేత్తో పట్టుకుంది. వెనక్కి తిరగలేదు. ఇంకో వరస ముందుకి నడిచింది.